మీ టీ గురించి నోరూరేలా చెప్పడం ఎలా

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరైనా, విజయనగరం గంటస్తంభం దగ్గరైనా టీ తాగి గ్లాసు కింద పెట్టిన మనిషిని "ఎలగుంది?" అని అడిగి చూడండి. "బాగుంది" అంటాడు. హుషారు మీదుంటే "సూపర్" అంటాడు. ఈ రెండు మాటలూ ఇడ్లీకీ సరిపోతాయి, సినిమాకీ సరిపోతాయి, కొత్త చొక్కాకీ సరిపోతాయి. టీ గురించి మాత్రం ఏమీ చెప్పవు.

టీని సరదాగా వర్ణించడానికి కవి కానక్కర్లేదు. గ్లాసులో నిజంగా ఏముందో పట్టుకునే నాలుక ఉండాలి, దాన్ని కాస్త పెంచి చెప్పే చొరవ ఉండాలి. వరస మాత్రం తప్పకూడదు. ముందు నిజం, ఆ తర్వాతే అతిశయోక్తి. అల్లం దండిగా పడ్డ టీ తాగి "చెవుల్లోంచి పొగలొచ్చాయి" అంటే వినేవాడు నవ్వుతాడు, ఆ టీ కావాలనుకుంటాడు. చప్పటి పాల టీ తాగి అదే మాటంటే వెళ్లి తాగొచ్చాక మళ్లీ మీ మాట నమ్మడు.

ముందు టీ కుదరాలి

ఇంట్లో పెట్టుకునే టీని వర్ణించాలంటే రోజూ ఒకే కొలత పాటించాలి. కొలత రోజుకోలా మారితే నిన్న రాసిన మాట ఇవాళ్టి టీకి అతకదు. రెండు గ్లాసుల అల్లం టీకి ఈ లెక్క బాగా కుదురుతుంది: నీళ్లు 200 మి.లీ., కాచిన చిక్కటి పాలు 150 మి.లీ., గుళికల్లా ఉండే సీటీసీ టీ పొడి రెండు చెంచాలు (తూస్తే 5 గ్రాముల దగ్గర ఉంటుంది), పంచదార రెండు మూడు చెంచాలు, అంగుళం అల్లం ముక్క, ఏలకులు రెండు.

అల్లాన్ని తరగకుండా దంచి చల్లటి నీళ్లలోనే వేసి పొయ్యి మీద పెట్టాలి. నీళ్లు సలసల కాగాక ఇంకో రెండు మూడు నిమిషాలు మరగనివ్వాలి. అప్పుడు పొడి వేసి మంట తగ్గించి రెండు నిమిషాలు ఉంచితే డికాషన్ ముదురు ఎరుపుకి వస్తుంది. పాలు అప్పుడు పోయాలి. రెండుసార్లు పొంగు రానిచ్చి, పంచదార వేసి, దంచిన ఏలకులు ఆఖరున వేసి, పొయ్యి కట్టేసి ఒక్క నిమిషం మూత పెట్టి వడకట్టాలి.

ఈ వరసలో ప్రతి అడుక్కీ కారణం ఉంది. పచ్చి అల్లంలో మాంసకృత్తుల్ని విడగొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. అల్లం మరగకముందే పాలు తగిలితే విరిగిపోయేది అందువల్లే. ముందే నీళ్లలో మరిగిస్తే ఆ ఎంజైమ్ పనిచెయ్యదు. ఏలకుల పరిమళం తేలికైన నూనెల్లో ఉంటుంది. మొదట్లోనే వేస్తే ఆవిరితో పోయి వంటిల్లంతా గుబాళిస్తుంది, గ్లాసులో ఏమీ మిగలదు. పొడిని పది నిమిషాలు మరిగిస్తే రంగు ఇంకాస్త ముదురుతుంది గానీ వగరూ చేదూ పెరిగి వాసన చచ్చిపోతుంది. బెల్లం టీ అయితే పొయ్యి దించాక, మరుగు ఆగాక బెల్లం కలపాలి. బెల్లంలో కాస్త పులుపు గుణం ఉంటుంది గనక మరిగే పాలలో వేస్తే విరిగే ప్రమాదం ఉంది.

సీటీసీ అంటే ఆకును నలిపి, చీల్చి, గుళికలుగా చుట్టే పద్ధతి. 1930 ప్రాంతంలో అస్సాంలో మొదలైంది. ఆకు బాగా చితికి ఉంటుంది గనక రంగూ పదునూ నీళ్లలోకి త్వరగా దిగుతాయి, పాలు పోసినా రుచి నిలబడుతుంది. మన బడ్డీ కొట్ల టీ అంతా ఈ పొడి మీదే నడుస్తుంది. డార్జీలింగ్ ఆకు టీ సంగతి వేరు, అందులో పాలు పోస్తే అసలు అందమే మునిగిపోతుంది. టీ గురించి రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. డార్జీలింగ్ టీ 2004లో మన దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొదటి సరుకు. ఎవరో వాడారు కదా అని ఆ పేరుని కనిపించిన ప్రతి టీకీ తగిలించకూడదు.

నీళ్ల మాట కూడా. బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువుంటే టీ రంగు మందగిస్తుంది, పాలు లేని టీ మీద సన్నటి పొర తేలుతుంది. సముద్రం ఒడ్డు ఊళ్లలో నీళ్లే ఉప్పగా ఉంటే ఆ ఉప్పు టీలోకి వస్తుంది. టీ చప్పగా, మట్టి రంగులో వచ్చినప్పుడు పొడిని తిట్టేముందు మంచి నీళ్లతో ఒకసారి పెట్టి చూడాలి.

ఇంకో పని తప్పక చెయ్యండి. మీరు వాడే పొడిని ఒక్కసారైనా పాలూ పంచదారా లేకుండా రుచి చూడండి. టీ రుచి చూడ్డానికి ఐఎస్ఓ 3103 అని ఒక ప్రమాణం ఉంది. దాని ప్రకారం 100 మి.లీ. మరిగిన నీటికి 2 గ్రాముల పొడి, 6 నిమిషాలు. నోటికి గట్టిగా తగులుతుంది, నిజమే. కానీ ఈ పొడి సొంత గుణం ఏమిటి, పాలు దాచేది ఏమిటి, అల్లం తెచ్చేది ఏమిటి అన్నది అప్పుడే విడివిడిగా తెలుస్తుంది.

తాగేముందు

మిరపకాయ బజ్జీ తిన్న నోటితో టీని అంచనా వెయ్యకండి. కారం తిన్నాక అరగంట ఆగాలి. కిళ్లీ, ఖైనీ, పుదీనా చాక్లెట్టు ఏదైనా అంతే. ముందు మంచినీళ్లు పుక్కిలించాలి.

టీ దేంట్లో తాగుతున్నారో చూడండి. గాజు గ్లాసు వాసన కలపదు, రంగు దాచదు; వర్ణించాలనుకునేవాళ్లకి అదే నయం. స్టీలు గ్లాసు పెదవికి చుర్రుమని తగిలి మొదటి గుక్క మొత్తాన్నీ మింగేస్తుంది. కాగితం కప్పు లోపలి పూత వేడికి తన వాసన తాను వదులుతుంది. మట్టి ముంతలో తాగితే తడిమట్టి వాసన వస్తుంది. బాగుంటుంది గానీ అది ముంత గొప్పతనం, టీ ఖాతాలో వెయ్యకూడదు.

వేడి సంగతి చాలామంది పట్టించుకోరు. పొయ్యి మీంచి దింపిన టీని వెంటనే నోట్లో పోస్తే నాలుకకి మంట తప్ప రుచి తెలీదు. రెండు గ్లాసుల మధ్య నాలుగైదు సార్లు తిరగబోసి, గ్లాసు చేత్తో హాయిగా పట్టుకోగలిగినప్పుడు మొదలుపెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2016లో 65 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి పానీయాలను క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది కూడా. కాబట్టి "నాలిక కాలిపోయేంత వేడి" అన్నది పొగడ్తగా రాయకండి.

కన్ను, ముక్కు, నాలుక, గొంతు

కంటితో మొదలుపెట్టాలి. పగటి వెలుతుర్లో, గ్లాసు వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. ట్యూబులైటు కింద అన్ని టీలూ ఒకలాగే పాలిపోయి కనిపిస్తాయి. పాల టీకి రంగు పేర్లు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి: ఇటుక రంగు, గంధం రంగు, ఎండు కొబ్బరి చిప్ప రంగు, గోధుమ రంగు, ఎర్రమట్టి రంగు. డికాషన్‌కి తేనె, రాగి, దానిమ్మ గింజ. "బ్రౌన్ కలర్" అని రాస్తే ఇవన్నీ ఒకే పెట్టెలో పడిపోతాయి. నురగ కూడా చూడాలి: పెద్ద బుడగలై పగిలిపోయే నురగా, మీగడలా గ్లాసు అంచుని పట్టుకుని ఉండే నురగా అని.

ముక్కు దగ్గర ఓపిక పట్టాలి. గ్లాసుని ముక్కుకి రెండు వేళ్ల దూరంలో ఉంచి చిన్న చిన్న పీల్పులు తీసుకోవాలి. ఒకే పెద్ద పీల్పు తీస్తే ఆవిరి తప్ప ఏమీ తగలదు. మొదట ఏ వాసన వచ్చింది, దాని వెనక ఏది వచ్చింది అన్న వరస రాసుకోండి. అల్లం టీలో సాధారణంగా అల్లం ముందుంటుంది, ఏలకులు వెనక నిలబడతాయి. చెడు వాసనల పేర్లు కూడా తెలియాలి. సరిగా మరగని పొడికి పచ్చి వాసన, గిన్నె అడుగంటితే మాడు వాసన, డబ్బా మూత సరిగా పెట్టకపోతే ముక్క వాసన. టీ పొడి పక్కనున్న ఏ వాసననైనా లాగేసుకుంటుంది గనక సాంబారు పొడి పక్కన పెడితే సాంబారు టీయే వస్తుంది.

ఇక నాలుక. మొదటి గుక్క జుర్రుమని చప్పుడొచ్చేలా తాగాలి. పెద్దవాళ్లు మందలిస్తారేమో గానీ, రుచి చూడడమే వృత్తిగా ఉన్నవాళ్లు తాగేది ఇలాగే. టీతో పాటు గాలి లోపలికి వెళ్లి, వాసన నోటి వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. మనం రుచి అనుకునేదాంట్లో పెద్ద వాటా ఆ వాసనదే. జలుబు చేసినప్పుడు టీ చప్పగా ఉండేది అందుకే. జలుబు రోజు వర్ణన పని పెట్టుకోవద్దు.

ఇక్కడ అందరూ తడబడే మాటలు నాలుగున్నాయి: వగరు, చేదు, ఘాటు, కారం. ఈ నాలుగూ విడదీసి వాడగలిగితే వర్ణనలో సగం పని అయిపోయినట్టే.

వగరు అంటే నోరు బిగుసుకోవడం. వక్క నమిలినప్పుడు, పచ్చి అరటికాయ కొరికినప్పుడు నాలుక గరుకెక్కి బుగ్గల లోపల తడి ఆరినట్టుంటుందే, అదీ. టీలో ఉండే పాలీఫినాల్స్ లాలాజలంలోని మాంసకృత్తుల్ని పట్టుకోవడం వల్ల అలా అవుతుంది. పాలు పోస్తే పాలలోని కేసీన్ వాటిని ముందే పట్టేసుకుంటుంది గనక వగరు మెత్తబడుతుంది. ఉగాది పచ్చడి తినే జాతికి వగరు తప్పు కాదు, ఆరు రుచుల్లో ఒకటి. టీకి వెన్నెముక అదే. అస్సలు వగరు లేని టీ వేడిచేసిన తీపి పాలతో సమానం. అందుకే "వగరుగా ఉంది" అని ఫిర్యాదులా కాకుండా ఎంత వగరో, ఎక్కడ వగరో చెప్పాలి. నాలుక అంచుల్లో తగిలి వెళ్లిపోయే వగరు మంచి టీ గుర్తు. గొంతు దాకా గీసుకుంటూ పోయి, తాగిన పది నిమిషాలకి కూడా నోరు ఆరబెట్టే వగరు ఎక్కువ మరిగిందానికి గుర్తు.

చేదు నాలుక వెనక భాగంలో బాగా తెలుస్తుంది. కెఫీన్ చేదే, మాడు కూడా చేదే. అయితే కెఫీన్ చేదు శుభ్రంగా వచ్చి శుభ్రంగా పోతుంది, మాడు చేదు అతుక్కుపోతుంది.

ఘాటు ముక్కుకి తగిలేది, కారం నాలుకకీ గొంతుకీ తగిలేది. దంచిన అల్లం వాసన ఘాటు, మింగాక వచ్చే మంట కారం. పచ్చి అల్లం కంటే శొంఠి కారం ఎక్కువ. అల్లం ఎండినప్పుడు అందులోని జింజెరాల్ ఇంకా చురుకైన షొగాల్‌గా మారుతుంది. అందుకే శొంఠి టీ వర్ణనలో వాసనని కొంచెం తగ్గించి గొంతుని కొంచెం పెంచాలి. మిరియాల టీ అయితే మంట నాలుక మీదే మొదలై అక్కడే కూర్చుంటుంది. ఏలకులు వీటన్నిటికీ ఎదురు: మింగాక గొంతులో చల్లగాలి తోలినట్టుంటుంది.

చిక్కదనం రుచి కాదు, బరువు. గేదె పాలలో వెన్న ఎక్కువ, ఆవు పాలలో తక్కువ. రంగు ఒకటే అయినా నోట్లో బరువు వేరుగా ఉండేది అందుకే. "నాలుక మీద నడిచింది", "నాలుక మీద పాకింది", "నాలుక మీద పరుచుకుంది": ఈ మూడింట్లో మీ టీ ఏది చేసిందో గమనించండి.

మింగాక వాచీ చూసుకోండి. రుచి ఎంతసేపు ఉంది? ఏది ఆఖరున మిగిలింది? తాగి నాలుగడుగులు వేసేసరికి పోయిందా, బస్సెక్కి టికెట్టు తీసుకునేదాకా ఉందా? వర్ణన చదివేవాళ్లకి బాగా గుర్తుండేది ఈ ముక్కే, రాసేవాళ్లు వదిలేసేదీ ఇదే.

చప్పుడు మాటలు

తెలుగులో టీకి పనికొచ్చే అసలు సంపద ఇక్కడుంది. ఒక్కో చప్పుడు మాటకి ఒక్కో పని. నీళ్లు కాగితే సలసల. చిక్కటిది ఉడికితే కుతకుత. టీ కుతకుతలాడింది అంటే వినేవాడికి పప్పు గుర్తొస్తుంది, లేదా పాలు ఇగిరిపోయిన టీ. బుడగలకి బుడబుడ. పొంగు పైకి లేస్తే బుసబుస. మూత తీసిన క్షణాన వాసన గుప్పుమంటుంది. గుమగుమ అంటే అప్పటికే గదంతా పరుచుకుంది. వేడి చుర్రుమంటుంది, అల్లం చురుక్కుమంటుంది, చలిలో మొదటి గుక్క ఒంట్లోకి దిగితే జివ్వుమంటుంది. ఎక్కువ మరిగిన డికాషన్ గొంతులో గరగరలాడుతుంది. ఇష్టపడి తాగేవాడు జుర్రుతాడు, బస్సు కదిలిపోతుంటే గుటుక్కున మింగుతాడు.

ఒక వాక్యంలో ఒక్క చప్పుడు మాటే వాడండి. "సలసల కాగి బుసబుస పొంగి గుమగుమలాడుతూ చురుక్కుమంది" అంటే ఏదీ వినపడదు.

సరదా ఎక్కడ పుడుతుంది

అన్నిటికంటే సులువైన దారి టీలో పడ్డ సరుకుల్ని మనుషుల్ని చెయ్యడం. పాలు, పొడి, అల్లం, పంచదార, ఏలకులు: అయిదుగురూ ఒక ఇంట్లో ఉన్నారనుకోండి. ఎవరి గొంతు పైకి వినిపిస్తోంది? ఎవరు అలిగి మూల కూర్చున్నారు? పంచదార ఎక్కువైన టీని "పంచదారే పెత్తనం చేస్తోంది, పొడికి నోరెత్తే అవకాశమే ఇవ్వలేదు" అనొచ్చు. అచ్చంగా రుచినే చెప్పారు, కానీ వినేవాడి ముందు మనుషులు కదిలారు. ఇక్కడ చుట్టరికాలు బాగా పనికొస్తాయి. కొత్త అల్లుడిలా ముభావంగా ఉండే గ్రీన్ టీ, మేనత్తలా మందలిస్తూనే ముద్దు చేసే శొంఠి టీ.

రెండో దారి సామెతని కొంచెం పక్కకి తిప్పడం. "పిండి కొద్దీ రొట్టె" అందరికీ తెలిసిందే. నీళ్ల టీ తాగినప్పుడు "పొడి కొద్దీ టీ" అంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు. "కాగల కార్యం గంధర్వులే తీర్చారు" అన్నదాన్ని పొయ్యి మీదకి లాగి "కాగల టీని అల్లమే తీర్చింది" అనొచ్చు. వినేవాడికి అసలు సామెత తెలియకపోతే ఆట పారదు. అందుకని బాగా నలిగిన సామెతలే తీసుకోవాలి.

పొడుపు కథ ఇంకో దారి. కట్టే పద్ధతి సులువు: వస్తువు చేసే పనుల్ని వరసగా చెప్పి పేరు దాచాలి. "నల్లగా నీళ్లలో దూకాడు, ఎర్రగా లేచాడు, తెల్లపిల్లని పెళ్లాడాడు, చివరికి జల్లెడ దగ్గర ఒంటరిగా మిగిలాడు. ఎవరు?" టీ పొడి. ఇందులో ఒక్కటి కూడా అబద్ధం లేదు. టీ పెట్టే వరసే కథ అయింది.

పద్యం మీద మోజుంటే విజయనగరం మనకిచ్చిన ముత్యాల సరం నడక టీకి భలే అతుకుతుంది. పాదంలో మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. ఆఖరి పాదం పొట్టి. లఘువుకి ఒకటి, గురువుకి రెండు లెక్కేసుకుంటే చాలు.

అల్లమేసిన టీని తాగితె
చల్లగాలే దడిసి పోవును
మెల్ల మెల్లగ గొంతు దిగితే
ఒళ్లు మేల్కొనురా

చేత్తో తాళం వేస్తూ చదివితే తప్పు మాత్ర ఎక్కడుందో చెయ్యే పట్టిస్తుంది.

మన ఊళ్ల పోలికలు

పోలిక దూరం నుంచి తెచ్చుకోనక్కర్లేదు. మన రెండు జిల్లాల్లోనే టీ గుణాలకి అతికే వస్తువులు బోలెడున్నాయి. కాకపోతే గుణం చూసి వస్తువుని ఎంచాలి, ఊరి పేరు వినడానికి బాగుందని కాదు.

తేలికదనానికి పొందూరు ఖాదీ. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, చేత్తో సన్నటి నూలు వడుకుతారు. పాలు లేని పల్చటి టీ నోట్లో బరువు లేకుండా పరుచుకుంటే "పొందూరు పంచె కట్టుకొచ్చిన టీ" అనండి. ఇదే మాట గేదె పాల టీకి వాడితే అబద్ధం. మెరిసే డికాషన్ రంగుకి బుడితి ఇత్తడి. చాలాసేపు నిలిచే రుచికి బొబ్బిలి వీణ: ఒకే పనస మొద్దుని తొలిచి చేసిన ఆ వీణ మీద తీగ మీటాక చెయ్యి తీసేసినా నాదం ఉండిపోతుంది, మంచి టీలో ఏలకుల జాడ అలాగే ఉంటుంది. పాల కమ్మదనానికి మందస కోవా. బాగోని టీకి వరద రోజుల నాగావళి: రంగూ అదే, అడుగున మిగిలేదీ అదే.

అరసవల్లి, శ్రీకూర్మం, పైడితల్లి అమ్మవారు, సిరిమాను: వీటిని టీ మీద పరిహాసంలోకి లాగకపోవడమే మంచిది. తొలి ఎండ రంగు అనాలంటే అరసవల్లి సూర్యుణ్ణి లాగకుండా తొలి ఎండ అనే అనొచ్చు.

పోలిక నిలుస్తుందో లేదో చూడ్డానికి ఒక పరీక్ష ఉంది. వాక్యంలో "టీ" తీసేసి "పాయసం" పెట్టి చదవండి. అప్పుడు కూడా వాక్యం హాయిగా నిలబడితే అది టీ గురించి రాసింది కాదు, కొట్టేసి మళ్లీ రాయండి. "అమృతంలా ఉంది" ఈ పరీక్షలో మొదటే పోతుంది. "మనసు దోచింది" కూడా పోతుంది. "నాలుక అంచుల్ని పట్టి లాగి వదిలింది" అన్నది నిలబడుతుంది, ఎందుకంటే పాయసం ఆ పని చెయ్యదు.

నోటి మాట యాసలోనే

మాట్లాడేటప్పుడు వర్ణన మన యాసలో రావాలి. పుస్తకం భాషలో చెబితే టీ చల్లారిపోతుంది. బడ్డీ కొట్టు దగ్గర ఇలా నడవాలి:

"ఏటి బావూ, టీ ఎలగుంది?"

"సూడ్డానికి ఇటికి రంగు, మొదటి గుక్క మెత్తగానే ఉంది. రెండో గుక్కకి అల్లం గొంతులో అగ్గెట్టీసింది. పేణం లెగిసొచ్చింది."

రంగు, గుక్కల వరస, అల్లం ఎక్కడ తగిలింది: మూడు కబుర్లూ రెండు నోటి మాటల్లో వచ్చేశాయి. ఇంట్లో అయితే ఇంకొంచెం చనువు తీసుకోవచ్చు. "అప్పా, ఇది పాలకి టీ వాసన సూపించినట్టుంది గానీ, రవ్వంత పొడెయ్యి" అంటే అప్ప (అక్క) నవ్వుతూనే ఇంకో చెంచా వేస్తుంది. పొడి తక్కువైందని తిన్నగా చెబితే మాట పడిందనుకుంటుంది. పెద్దవాళ్లు పెట్టిన టీ మీద మాత్రం లోపాన్ని సరుకుల మీదకి నెట్టండి, చేతి మీదకి కాదు. "పాలు పల్చగా ఉన్నట్టున్నాయి పెద్దమ్మా" అన్నది సరిపోతుంది.

రాతలో యాసని సంభాషణకే ఉంచండి. మొత్తం రాతంతా యాసలో నింపితే కడప, కరీంనగర్ వాళ్లు మధ్యలోనే ఆగిపోతారు.

ఒక వర్ణన తయారయ్యే తీరు

సాయంత్రం గంటస్తంభం దగ్గర తాగిన అల్లం టీ అనుకుందాం. తాగుతూ రాసుకున్న చీటీ ఇలా ఉండాలి: ఇటుక రంగు, నురగ సన్నం, ముక్కుకి అల్లం, వెనక ఏలకులు లీలగా, మొదట తీపి, మింగాక అల్లం, అంచుల్లో కొంచెం వగరు, చిక్కదనం మధ్యస్తం, అల్లం వేడి రెండు నిమిషాలు ఉంది.

ఇందులో చెప్పుకోదగ్గది ఒక్కటే ఎంచాలి. ఈ టీలో అల్లం ఆలస్యంగా వస్తుంది, అదే దాని ప్రత్యేకత. రంగు, నురగ, చిక్కదనం అందరికీ ఉన్నవే, వదిలెయ్యొచ్చు. అయిదు గుణాలూ ఒకే వాక్యంలో కుక్కితే తూకం చీటీలా ఉంటుంది.

ముందు ఏ అలంకారమూ లేని వాక్యం రాయండి: "మొదట తీపిగా ఉంటుంది, మింగాక అల్లం తెలుస్తుంది." నిజమే, కానీ కదలిక లేదు. దీన్ని మనుషుల్ని చేద్దాం: "తీపి ముందుకొచ్చి నమస్కారం పెట్టింది. ఆ మర్యాదకి మురిసేలోపే అల్లం వెనకనుంచి వచ్చి గొంతు మీద చురుక్కున చిటికేసింది." ఇప్పుడు వరస ఉంది, ఆశ్చర్యం ఉంది, ఒక్క చప్పుడు మాట ఉంది. ఇంకా పెంచాలనిపిస్తుంది: "కళ్లు తిరిగాయి, లోకం కనిపించలేదు, ఒళ్లంతా మంటలు..." ఆగాలి. చిటికేసిన అల్లం మంటలు పెట్టేంతటిది కాదు. అతిశయోక్తి ఒకటుంటే చాలు, అదీ బలమైన గుణం మీదే. ఆఖరున మిగిలిన రుచి కలిపితే పూర్తవుతుంది: "గ్లాసిచ్చి రోడ్డు దాటి అవతలికి వెళ్లినా ఆ చిటిక చప్పుడు గొంతులో ఉంది."

పైకి చదవండి. ఒక్క ఊపిరిలో చదవలేని వాక్యాన్ని రెండు చెయ్యండి. ఆ టీ తాగిన ఇంకొకరికి వినిపించండి. "అవును, అదే కొట్టు" అని గుర్తుపడితే కుదిరినట్టు.

టీ బాగోకపోయినా వర్ణించొచ్చు, ఒక్కోసారి అదే ఎక్కువ నవ్విస్తుంది. అయితే లోపానికి కారణం చెప్పేలా ఉండాలి. పొద్దున్నుంచి అదే గిన్నెలో మరుగుతున్న టీని "ఈ టీకి ఆకు కన్నా పొయ్యే ఎక్కువ గుర్తుంది" అంటే ఎక్కువ మరిగిందని తెలిసిపోయింది. ఊరికే "చెత్తగా ఉంది" అంటే కొట్టాయనకీ ఉపయోగం లేదు, వినేవాడికీ లేదు. తలనొప్పి తగ్గుతుంది, కొవ్వు కరుగుతుంది, షుగరు దిగుతుంది లాంటి మందుల మాటలు మాత్రం వర్ణనలోకి రానివ్వకండి. అది రుచి కాదు.

ఎక్కడ రాస్తున్నారన్నదాన్ని బట్టి పొడవు

వాట్సాప్ స్టేటస్‌కి రెండు చిన్న వాక్యాలు చాలు, ఫొటో ఉంటే రంగు గురించి అసలు రాయక్కర్లేదు. పెళ్లి విందులో టీ కౌంటరు దగ్గర పెట్టే చీటీకి ఒక్క వరస: "శొంఠి టీ: మేనత్తలా మందలిస్తుంది, ఆనక ముద్దు చేస్తుంది." టీ కొట్టు బోర్డు అయితే రోడ్డు అవతలినుంచి, కదిలే బండి మీదనుంచి చదవాలి గనక అయిదారు మాటలు దాటకూడదు. అందులో ఒకటి సరుకు పేరు కావాలి, ఒకటి చప్పుడు మాట కావాలి: "గుక్కకో చురుక్కు, మా అల్లం టీ". ఒత్తులు ఎక్కువున్న మాటలు దూరానికి ముద్దగా కనిపిస్తాయి. పెయింటరు చేతికి ఇచ్చేముందు కాగితం మీద పెద్దగా రాసి పది అడుగుల దూరంలో నిలబడి చదివి చూసుకోండి. ఏలకుల బదులు ఎసెన్సు చుక్కలు వేసే కొట్టయితే బోర్డు మీద ఏలకుల మాట రాయొద్దు, అల్లం మాటే రాయండి. దాన్నైతే అందరి కళ్లముందే దంచి వేస్తారు.